సకురా గోడ: పిల్లల చెయ్యి పడకుండా అలంకరించే పద్ధతి

జపాన్‌లో చదువుల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. ఒకటో తరగతికి వెళ్లబోయే ఆరేళ్ల పిల్లలు తమ చిన్న బడికి వీడ్కోలు చెప్పే వేడుక మార్చిలోనే జరుగుతుంది. దాన్ని సోత్సుయెన్‌షికి అంటారు. ఆ రోజు హాలు గోడ మీద సకురా పూయాలి. చెట్టు పూలు కాదు, కాగితం పూలు. టోక్యోలో నిషికసాయ్ చుట్టుపక్కల కాపురాలు పెట్టిన మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. బడి నుంచి వచ్చిన చీటీని ఫోన్ కెమెరాతో చదివించుకున్నాక, ‘సోత్సుతాయ్’ అనే తల్లిదండ్రుల కమిటీలో తమ పేరు కూడా ఉందని అర్థమవుతుంది. కంగారు పడకండి. ఈ పని మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

ముందు రెండు ముక్కలు మనసులో పెట్టుకోండి. గోడ అంటే ఫొటోలో వెనక కనిపించేది. ఫొటో అంటే చుట్టాలు చూసేది. ఈ రెండూ ఒంటబట్టాయంటే మిగతాదంతా దానంతటదే వస్తుంది.

అన్నిటికంటే ముందు క్లాసు టీచర్ని, అంటే సెన్సేని, మాటల్లో పెట్టాలి. ఆవిడ దగ్గర అప్పటికే ఒక పథకం సిద్ధంగా ఉంటుంది. అది చాలా ప్రమాదకరమైనది: పూలు పిల్లలే చేస్తారట.

అదెలా ఉంటుందో ఒకసారి చూస్తే మీకే అర్థమవుతుంది. బల్ల మీద పసుపుపచ్చ కుక్కపిల్ల బొమ్మ ఆకారంలో ఒక డబ్బా, దానికి ఎర్ర మూత. లోపల తెల్లటి జిగురు. మన ఇళ్లలో గాలిపటాలకు మైదా ఉడికించి చేసుకునే జిగురుకి దగ్గరి చుట్టం, పిండిపదార్థంతో చేసిందే. నోట్లో పెట్టుకున్నా కొంప మునగదని అదే వాడతారు. దాన్ని బొటనవేలితోనో చూపుడువేలితోనో తీయనివ్వరు. జపాన్ పసిపిల్లలకి బొటనవేలు నాన్న, చూపుడువేలు అమ్మ, మధ్యవేలు అన్నయ్య, ఉంగరంవేలు అక్క, చిటికెనవేలు పాపాయి. జిగురు తీయడం అన్నయ్య పని. అమ్మానాన్నలకి అంటుకోకపోతేనే కదా వాళ్లు కాగితాన్ని శుభ్రంగా పట్టుకోగలిగేది. ఎంత తీయాలి? చీమంత. సెన్సే నిజంగానే ‘చీమంత’ అంటుంది. పిల్లలు చీమని తీసి, రెక్క వెనక రాసి, నాలుక బయటపెట్టి మరీ అంటిస్తారు. తీరా చూస్తే ఒక పువ్వుకి ఆరు రెక్కలు, ఇంకోదానికి నాలుగు. ఒక రెక్క తలకిందులు. పక్కన హిరగానాలో రాసుకున్న పేరులో ఒక అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ఇలాంటివి ఇరవై పాతిక పూలు గోడంతా. ఇప్పుడు చెప్పండి, మీ ఆడపడుచు ఆ ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూస్తే?

సెన్సే ఊరుకోదు. ఇది ఈనాటి అలవాటు కాదంటుంది. 1876లో టోక్యో మహిళా నార్మల్ స్కూలుకి అనుబంధంగా పిల్లల బడి పెట్టినప్పుడే, ఫ్రోబెల్ అనే జర్మన్ పెద్దాయన చెప్పిన దారిలో కాగితం మడవడం, కత్తిరించడం పిల్లల చేత చేయించారని, బడి అంటేనే చేతులకి పని చెప్పడమని వివరిస్తుంది. శ్రద్ధగా తలూపండి. ఫ్రోబెల్‌గారికి వాట్సాప్ స్టేటస్ పెట్టుకునే అవసరం రాలేదని లోలోపల అనుకోండి. తర్వాత మెల్లగా ఒక మాట వదలండి: “పాపం పిల్లలు రిహార్సల్స్‌తో అలిసిపోతున్నారు సెన్సే, ఈ భారం మా మీద వేసుకుంటాం.” పిల్లల మీద జాలి చూపించే తల్లిదండ్రుల్ని ఎదిరించడానికి ఏ దేశంలోనూ టీచర్లకి నోరు రాదు.

ఆవిడ ఇంకో రెండు దారులు చూపించవచ్చు. వాటికీ లొంగకండి. మొదటిది కాఫీ వడకట్టే ఫిల్టర్ కాగితం మీద నీళ్ల రంగుల పెన్నులతో గీయించి, పైన నీళ్లు చిలకరించడం. గులాబీ, ఊదా, ఎరుపు ఒకదాంట్లోకి ఒకటి పాకి, ఆరాక కత్తిరిస్తే పువ్వవుతుంది. ఏ రెండూ ఒకేలా రావు, ఎవరి పువ్వు వాళ్లదే. సెన్సే దాన్ని గొప్పగా చెబుతుంది కానీ అలంకరణ శాస్త్రంలో దాన్ని లోపం అంటారు. రెండోది అరచేతికి రంగు పూసి చెట్టు చుట్టూ అద్దించడం. గోడ నిండా అందరి అరచేతులూ ఉంటే మీ అమ్మాయి చెయ్యి ఏదో మీ ఊళ్లో ఎవరు పోల్చుకుంటారు? మరీ పట్టుబడితే మీ పాప అరచెయ్యి ఒక్కటే, కొంచెం పెద్దది చేసి, నట్టనడుమ పెట్టించండి.

ఇక పువ్వు ఆకారం. సకురాకి అయిదే రెక్కలు. ప్రతి రెక్క చివరా చిన్న నొక్కు ఉంటుంది. రెక్క గుండ్రంగా ఉంటే అది ఉమె, అంటే వాళ్ల ప్లమ్ పువ్వు. కొస మొనదేలి ఉంటే మోమో, పీచ్ పువ్వు. ఉమె కొమ్మకి అంటుకుని పూస్తుంది, సకురా పొడుగాటి కాడ మీద గుత్తిగా వేలాడుతుంది. ఈ తేడాలు జపాన్‌లో అయిదేళ్ల పిల్లలకి కూడా తెలుసు. వాళ్ల నోటుపుస్తకంలో ‘చాలా బాగా చేశావు’ అని టీచరు వేసే ముద్ర కూడా సకురా ఆకారంలోనే ఉంటుంది. 1967 నుంచి వాడుకలో ఉన్న వంద యెన్ల నాణెం మీద ఉన్నవీ ఆ పూలే. చిల్లర డబ్బుల్లో ఇంత చక్కటి నమూనా పెట్టుకుని బొమ్మల పుస్తకాలు తిరగేయడం ఎందుకని సెన్సే అంటుంది. అది ఆవిడ ధోరణి.

నన్నడిగితే అయిదు రెక్కలంటే మరీ పిసినారితనం. పైగా అయిదు రావాలంటే పదిహేను సెంటీమీటర్ల ఒరిగామి కాగితాన్ని సగానికి మడిచి, మడత మధ్య నుంచి 180 డిగ్రీలని అయిదు భాగాలు చేయాలి. ఒక్కోటీ 36 డిగ్రీలు వచ్చేలా విసనకర్ర మడతలు వేసి, ఒక వంపు కోసి, కొసన నొక్కు కోయాలి. మడత ఒక్క పిసరు జరిగితే ఒక రెక్క బక్కచిక్కిపోతుంది. ఇంత లెక్కల మాస్టారి పని మనకెందుకు? సగం, మళ్లీ సగం, మళ్లీ సగం మడిచి గుండ్రంగా ఒక్క కోత కోయండి. ఎనిమిది రెక్కలు నిండుగా వస్తాయి. ఎవరైనా ముఖం అదోలా పెట్టి ఇదేం పువ్వని అడిగితే, యాయెజకురా అనండి. ముద్దబంతిలా రెక్కల మీద రెక్కలుండే ఆ రకం నిజంగానే ఉంది. కాకపోతే మామూలు సకురా రాలిపోయే రోజుల్లో, ఏప్రిల్ మధ్యకి గాని పూయదు. మార్చిలో ఎందుకు పూసిందని ఇంకో ప్రశ్న వస్తే భాష రానట్టు నవ్వండి. మనకి ఆ సౌకర్యం ఎప్పుడూ ఉంది.

నేను కోసిన పూలు వీడియో కాల్‌లో మా అమ్మకి చూపించాను.

“ఏంటే అవి, మందారాలా?”

“సకురా అమ్మా. పాప బడికి.”

“బానే ఉన్నాయి. పాప చేసిందా?”

“దానికి నిద్ర టైమ్ అయిపోయిందమ్మా. నేనే చేశా.”

“మరి పాపది ఏదే?”

పెద్దవాళ్లు ఇలాంటివి అడుగుతూనే ఉంటారు. సిగ్నల్ సరిగా లేదని పెట్టేయడమే.

రంగు విషయానికి వస్తే, జపాన్ నిండా ఎక్కువగా కనిపించే సొమెయ్‌యోషినో పువ్వు దగ్గరికెళ్లి చూస్తే దాదాపు తెల్లగానే ఉంటుంది. గులాబీ ఛాయ ఉందా లేదా అన్నట్టు లీలగా ఉంటుంది. ఆకులు రాకముందే చెట్టంతా పూస్తుంది కాబట్టి దూరానికి మబ్బు దిగినట్టు కనిపిస్తుంది. సెన్సేలు అందుకే లేత గులాబీ, తెలుపు కలిపి, అక్కడక్కడా ఒక ముదురు పువ్వు పెడతారు. ఈ వెలవెలబోయే రంగులు మన కెమెరాలకి ఆనవు. రాణీ రంగు కొనండి. చమ్కీ పొడి దండిగా చల్లండి. హోయికుయెన్, అంటే పసిపిల్లల్ని కూడా చూసుకునే బడి అయితే, అదే హాల్లో ఏడాది కూడా నిండని పిల్లలు పాకుతుంటారని, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారని సెన్సే ఆందోళన పడుతుంది. వాళ్ల సోత్సుయెన్‌షికి ఇంకా అయిదారేళ్లకి గాని రాదు కదా, వాళ్ల సంగతి వాళ్ల కమిటీ చూసుకుంటుంది.

గోడ కింది భాగం బోసిపోతే రాలుతున్న రెక్కలు అంటించండి, ఎంత ఎక్కువైతే అంత అందం. యూనివర్సిటీ పరీక్షల ఫలితాలు టెలిగ్రాముల్లో వచ్చే కాలంలో ‘సకురా పూసింది’ అంటే పాసు, ‘సకురా రాలింది’ అంటే ఫెయిలు అని ఏ తాతగారైనా గుర్తుచేస్తే, ఆరేళ్ల పిల్లలకి ఎంట్రన్సులేంటండీ అని కొట్టిపారేయండి. శుభకార్యాలకి కట్టే ఎరుపు తెలుపు చారల తెర కురచైతే, మిగిలిన గోడకి ఇంట్లో ఉన్న నలుపు తెలుపు చారల దుప్పటి కట్టేయవచ్చు. చారలు చారలేగా. అలాంటి తెరని అక్కడ చావుఇళ్ల దగ్గర కడతారని హాల్లోకి వచ్చిన అమ్మమ్మలు తాతయ్యల ముఖాలు చూశాక మీకే తెలుస్తుంది.

ముద్దపూల కోసం ఒహనగామి అని పల్చటి కాగితాలు దొరుకుతాయి. నాలుగైదు పొరలు కలిపి విసనకర్రలా మడిచి, నడుమ రబ్బరు బ్యాండు వేసి, ఒక్కో పొరనీ కింద నుంచి పైకి లేపాలి. ఇక్కడ ఓపిక కావాలి. ఉల్లిపొర కంటే పల్చగా ఉండే ఆ కాగితం వేలి చెమటకే చిరుగుతుంది. పిల్లలైతే ఊపిరి బిగబట్టి ఒక పొర లేపి, విజయం సాధించినట్టు సెన్సే వంక చూసి, రెండో పొర చింపుకుని, మళ్లీ మొదలుపెడతారు. ఒక పువ్వుకి పొద్దంతా పడుతుంది. పెద్దవాళ్లకి అంత తీరిక ఎక్కడిది? ఆన్‌లైన్‌లో తయారు పూల దండలు తెప్పించి, వెనకున్న కంపెనీ చీటీ పీకేయండి. ‘చేత్తో చేసినవి’ అని రాయడానికి అడ్డేం లేదు. ఎవరి చేత్తో అని ఎవరూ అడగరు.

అంటించడం దగ్గర జపాన్ వాళ్ల పిరికితనం చూసి తీరాలి. గుండుసూదులు వద్దంటారు, కింద పడితే పిల్లల కాళ్లకి గుచ్చుకుంటాయని. స్టేప్లర్ వద్దంటారు, అదే కారణం. చివరికి తేలేది మాస్కింగ్ టేపు. ఒకాయామా జిల్లా కురాషికిలో కమోయి కాకోషి అనే కంపెనీ ఉంది. 1923లో ఈగలు పట్టే జిగురు కాగితాలతో మొదలుపెట్టి, తర్వాత పెయింటర్ల మాస్కింగ్ టేపులోకి వచ్చింది. 2008లో దాన్నే రంగురంగులుగా, పూలూ చుక్కలూ వేసి అలంకరణకి అమ్మడం మొదలుపెట్టింది. ఆ టేపు గొప్పతనమంతా తీసినప్పుడు గోడకి ఏ గుర్తూ మిగల్చకపోవడమే. గుర్తు మిగలకపోతే మనం పనిచేసినట్టు ఎలా తెలుస్తుంది? రెండువైపులా అంటుకునే దళసరి ఫోమ్ టేపు కొనండి. ఈగలకి కుదిరింది పూలకి కుదరదా?

ఎంత ఎత్తులో అంటించాలన్నది ఇంకో గొడవ. పిల్లల కంటికి ఆనేలా, వాళ్ల తలల ఎత్తులోనే పెట్టాలని సెన్సేలు కిందకే వంగి అంటిస్తారు. అలా చేస్తే నిలబడ్డ పెద్దల ఫొటోలో మోకాళ్ల దగ్గర పూస్తుంది సకురా. పైకి కట్టండి, వీలైతే సీలింగు నుంచి బరువైన కొమ్మ ఒకటి వేలాడదీయండి. భూకంపాల దేశంలో పిల్లల తలల మీద బరువులు వేలాడకూడదని అడ్డు చెబుతారు. ఆ మాటకొస్తే తలుపు పైన ఆకుపచ్చ వెలుగులో పరుగెత్తే మనిషి బొమ్మ కూడా మన రాణీ రంగుకి నప్పదు. ఒక గుత్తి అడ్డం పెట్టేయండి. ఏదైనా అయినప్పుడు బయటికి వెళ్లే దారి చూపడానికి కమిటీ ఎలాగూ ఉంటుంది.

ఇంత శ్రమ దేనికి, నిజం పూలు పూశాక కొమ్మ తెచ్చి గుచ్చేద్దాం అనే బద్ధకస్తులు ప్రతి కమిటీలోనూ ఒకరుంటారు. టోక్యోలో యాసుకుని గుడి ఆవరణలోని ఒక సొమెయ్‌యోషినో చెట్టుని వాతావరణ శాఖ వాళ్లు చూస్తుంటారు. దాని మీద అయిదారు పూలు విచ్చుకున్నాక గాని పూత మొదలైందని ప్రకటించరు. సగటున అది మార్చి 24. అప్పటికి చాలా బడుల్లో వేడుక అయిపోయి ఉంటుంది. సప్పోరోలో పూత మే మొదట్లో. అక్కడి పిల్లలు మంచులో బూట్లేసుకుని నడిచొచ్చి, లోపల కాగితం సకురా కింద వీడ్కోలు చెబుతారు. గోడ మీద పూయించేది బయట ఇంకా పూయలేదనే. అయినా మీ బద్ధకస్తుడిని నిరుత్సాహపరచకండి. చీకటి పడ్డాక పార్కుకి వెళ్లి కొమ్మ విరుచుకు రమ్మనండి. మొగ్గలే ఉంటాయి, పొరుగువాళ్లు వరండాల్లోంచి చూస్తుంటారు, మర్నాడు మన దేశం పేరు పేటంతా మారుమోగుతుంది.

ఉగాది కూడా ఆ రోజుల్లోనే వస్తుంది, 2026లో అయితే మార్చి 19నే. కాబట్టి మన సంస్కృతి చాటే అవకాశం వదులుకోవద్దు. సకురా మధ్యలో ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, దాని పక్కన పూర్ణకుంభం, పాపకి ఇష్టమని చోటా భీమ్, ‘కంగ్రాచ్యులేషన్స్’ అని బంగారు బెలూన్లు. ఇవన్నీ ఒకే గోడ మీద పట్టకపోతే, పిల్లల పేర్లు రాసిన చీటీలు తీసేస్తే జాగా వస్తుంది.

వేడుకకి ముందు రోజు ఒక్క చిక్కు వస్తుంది, ముందే చెబుతున్నాను. రిహార్సల్‌కి పిల్లలు వరుసలో హాల్లోకి వస్తారు. గోడ చూడగానే వరుస చెదిరిపోతుంది. అందరూ గోడ దగ్గరికి పరుగెత్తుకెళ్లి ఒకే ప్రశ్న అడుగుతారు: “నాదేది?” అచ్చు గుద్దినట్టు ఒక్కలాంటి ముప్ఫై పూల ముందు నిలబడి ఇది అడగడం ఏం మర్యాదో వాళ్లకే తెలియాలి. సమాధానం సిద్ధంగా ఉంచుకోండి. “నీది పైన ఉంది నాన్నా, అదిగో, అక్కడ” అని చెప్పి ఎటో చూపించండి. అక్కడికీ ఒకడు ‘నేను చెయ్యలేదు కదా’ అంటాడు. వాడితో వాదన పెట్టుకోకండి, క్లాసుకి ఒకడుంటాడు అలాంటివాడు.

ఆ రోజు ఏం జరుగుతుందో పెద్దగా చెప్పక్కర్లేదు. పేరు పిలవడం, పిల్లలు ‘హాయ్’ అని గట్టిగా పలకడం, పట్టా అందుకోవడం, పాటలు, ఏడుపులు. ఏడ్చేటప్పుడు మీరు నిలబడే చోటు ముందే చూసుకోండి, వెనక బంగారు బెలూన్లు పడాలి.

అయిపోయాక గోడని అలాగే ఉంచమని బడివాళ్లు అడగొచ్చు. ఏప్రిల్‌లో కొత్త పిల్లలు చేరే వేడుకకి కూడా ఆ సకురానే వాడుకుంటారు. వెళ్లిపోయిన అన్నయ్యలూ అక్కలూ చేసిన పూలని వచ్చిన బుల్లివాళ్లకి చూపిస్తారట. ఒప్పుకోకండి. ఫోమ్ టేపు ఒక్క ఊపున లాగండి, గోడ కాగితం కూడా వెంట వస్తే రానివ్వండి. ఊడినచోట క్యాలెండర్ వేలాడదీయమని సలహా ఇవ్వండి.

చివరగా వచ్చే ఏడాది కమిటీకి అప్పగించే ఫైలు ఒకటి తయారు చేయాలి. ఖర్చుల పట్టికలో పూల దండలని ‘ముడిసరుకు’ కింద చూపించండి. ఫొటో అంటించి, కింద ‘పిల్లలు తమ చేతులతో చేసిన సకురా’ అని రాయండి. మిగిలిన చమ్కీ పొడి సంచి కూడా ఆ ఫైలుతో పాటు ఇచ్చేయండి. ఇంట్లో పెట్టుకుంటే పిల్లలు దానితో ఏదో ఒకటి చేసి గోడలకి అంటిస్తారు.